ఆసుపత్రి గేటు ముందు సీసాలప్ప

మొన్న మందుల షాపులో బీపీ మాత్రలు తీసుకుని, "పొద్దున్న ఒకటి, టిఫిను తిన్నాక. రాత్రి సగం, పడుకోబోయే ముందు" అని షాపాయనకి అప్పజెప్పాను. ఆయన తలూపాడు. రెండోసారి అప్పజెప్పాను. ఆయన తలెత్తి నావంక చూశాడు. మూడోసారి మొదలుపెట్టేసరికి వెనక నిలబడ్డావిడ, "అదంతా కవరు మీద రాశారు కదండీ, కాస్త పక్కకి జరిగితే నేను తీసుకుంటాను" అంది. నేను జరగలేదు. మూడోసారీ పూర్తిగా చెప్పే కదిలాను. నాకీ రోగం నలభై ఏళ్ళ పైమాటే. దీనికి మందు లేదు. దీన్ని నాకు అంటించినావిడ పోయి కూడా చాలా కాలమైందని విన్నాను.

ఆవిడ పేరు నాకు తెలియదు. ఒకసారి అడిగితే, "పేరుతో ఏటి పని, పెళ్లి సంబంధం సూత్తావా?" అంది. నర్సీపట్నం గవర్నమెంటు ఆసుపత్రి గేటుకి ఎదురుగా ఒక టైలరు షాపు ఉండేది. దాని అరుగు మీద వెదురుబుట్ట నిండా ఖాళీ సీసాలు పెట్టుకుని కూర్చునేది. గొలుగొండ నుంచి వచ్చినవాళ్ళూ, రోలుగుంట నుంచి వచ్చినవాళ్ళూ, పిల్లా పెద్దా అంతా సీసాలప్ప అనేవారు. మాకు అప్ప అంటే అక్క. ఎనభై ఏళ్ళ ముసలాయన కూడా ఆవిడని అప్పా అనే పిలిచేవాడు. ఆవిడ కూడా ఏమాత్రం మొహమాటపడకుండా పలికేది.

ఆ సీసాలెందుకో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. డెబ్బైల్లో ఆసుపత్రిలో చాలా మందులు నీళ్ళమందులే. కంపౌండరు పెద్ద జాడీల్లోంచి పోసి మిక్చరు కలిపి ఇచ్చేవాడు. మందు ఉచితం, సీసా మాత్రం మనదే. ఎవరింట్లో ఏ సీసా ఉంటే అది పట్టుకుని రావడమే. కిరసనాయిలు వాసన కొట్టే సీసాలు, బ్రాందీ సీసాలు, తలనూనె సీసాలు, మూత లేక మొక్కజొన్న కండె బిరడా పెట్టిన సీసాలు. కంపౌండరు అందులో మందు పోసి, ఒక కాగితాన్ని మడతలుపెట్టి కత్తిరించి, రంపం పళ్ళలాగా ఉన్న ఆ ముక్కని సీసాకి నిలువుగా అంటించేవాడు. ఒక పూటకి ఒక పన్ను. మందు ఆ గీత దగ్గరికి దిగేదాకా తాగాలన్నమాట. సీసా తేనివాళ్ళు మందులిచ్చే కిటికీ దగ్గర నుంచి తిరిగి రావాల్సిందే. అలా తిరిగొచ్చినవాళ్ళకే సీసాలప్ప.

నేనూ అలాగే తిరిగొచ్చాను. మా పెద్దపిల్లకి మూడో ఏటి నుంచి మూర్ఛలు. గొలుగొండ అవతల మా అత్తవారి ఊళ్ళో అందరూ గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. అయిదో ఏట బళ్ళో వేస్తే రెండో వారంలోనే పలక మీద పడిపోయింది. మేష్టారు దాన్ని ఎత్తుకుని మా ఇంటికి తెచ్చి, "దీనికేమన్నా అయితే నాకు చుట్టుకుంటుందమ్మా. ఆసుపత్రిలో చూపించండి. ఆరు నెలలు ఇలా రాకుండా ఉంటే అప్పుడు తీసుకురండి" అన్నారు. పిల్ల పలక పట్టుకుని గుమ్మంలో కూర్చుని బడికి వెళ్ళేవాళ్ళని చూస్తూ ఉండేది. నాకు అన్నం సయించేది కాదు. నేను ఆ రోజుల్లో మా ఊరి కోడళ్ళలో టెంత్ ప్యాసైన ఒకే ఒక్కదాన్ని. నా చదువంతా పెట్టి నా పిల్లకి పలక మీద అక్షరం రాయించలేకపోతే ఇంకెందుకు అనిపించింది.

డాక్టరుగారు చూసి, ఇది గాలి కాదు, జబ్బు, మందుంది, కానీ ఒక్క పూట కూడా మానకూడదు అన్నారు. చీటీ రాసిచ్చారు. కిటికీ దగ్గరికెళ్తే కంపౌండరు, "సీసా ఏదమ్మా?" అన్నాడు. నా దగ్గర లేదు. చంకలో పిల్లతో బయటికి పరుగెత్తుకొచ్చి అరుగు దగ్గర నిలబడ్డాను.

మోచేతుల దాకా రవిక, ఒక కాడ విరిగిపోయి దారం కట్టిన కళ్ళద్దాలు. ఆవిడ నన్ను కిందనుంచి పైకి చూసింది.

"ఎవలికి? నీకా, పిల్లకా?"

"పిల్లకి."

"డాక్టరు ఏటి సెప్పేడు?"

"చీటీలో రాశారు. నాకు చదువొచ్చు. ఒక సీసా ఇవ్వండి" అన్నాను కొంచెం బిర్రుగానే.

"సదువొచ్చినోలే సీసా మర్సిపోతారు. సదువు రానోలు పొద్దున్నే కడుక్కుని ఎట్టుకుంటారు" అంది. తర్వాత చెయ్యి చాపి బుట్ట మీద అడ్డంగా పెట్టింది. "సీటీ సంగతి నానడగనేదు. ఆయన నోటితో ఏటి సెప్పేడో అది సెప్పు. మూడు మాట్లు సెప్పు."

నాకు ఒళ్ళు మండింది. కానీ సీసా కావాలి. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి, కలిపి పొయ్యాలి, మానకూడదు అని చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు "కలిపి" మర్చిపోయాను. పట్టుకుంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పించింది. అది అయ్యాక సాయంత్రమంటే ఎప్పుడని అడిగింది. సాయంత్రమంటే సాయంత్రమే కదా అన్నాను.

"అలగంటే కుదర్దు. మీ ఇంట్లో గేదె పాలు ఎప్పుడు తీత్తారు?"

"పొద్దున్న ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి."

"మరింక నీకు గడియారం ఉంది గదే. సెంబు పట్టుకున్నప్పుడల్లా మందు. గేదె మర్సిపోనివ్వదు నిన్ను, అరిసి సంపుద్ది."

అప్పుడు బుట్టలోంచి ఒక సీసా తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వెలుగుకి పెట్టి లోపల చూసి ఇచ్చింది. ఉడకబెట్టిన సీసాలవి. డబ్బు పుచ్చుకునేది కాదు. ఒక సీసా పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చేటప్పుడు ఆ సీసాతో పాటు ఇంకో ఖాళీ సీసా తేవాలి, అంతే. అందుకే ఆ బుట్ట ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. పొట్టగా ఉన్నవీ, నడుం సన్నగా ఉన్నవీ పక్కన పడేసేది. నిటారుగా ఉన్నవే మందుకి. ఎందుకో నేనడగలేదు. అడిగుంటే తర్వాత నా పరువు పోయేది కాదు.

ఆవిడది క్రైస్తవ మిషను కాంపౌండు. వయసులో ఉన్నప్పుడు మిషను డిస్పెన్సరీలో ఆయాగా చేసేదట, అది మూసేశాక ఇలా వచ్చి కూర్చుందట. తెలుగు బైబిలు గడగడా చదివేది. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. డాక్టరు చీటీ చేతికిస్తే తిరగేసి కూడా చూసేది కాదు. "ఆ గీతలు ఆయనకీ షాపోడికీ మజ్జిన. మనకి నోటిమాట కావాల" అనేది.

ఆవిడకో దురలవాటు ఉంది. అడ్డపొగ. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం మావైపు ఆడవాళ్ళకి మామూలే, కానీ మిషను వాళ్ళకి అది కూడదు. పాస్టరుగారు ఆసుపత్రిలో రోగుల్ని చూడటానికి వారానికోసారి వచ్చేవారు. ఆయన సైకిలు కనపడగానే సీసాలప్ప నోరు మూసేసేది. చుట్ట బయట కొస చిన్నదైతే మొత్తం లోపలే దాగిపోయేది. ఆయన పలకరిస్తే తలూపేది. ఒకరోజు పాపం ఆయనకి ఏం తోచిందో, అరుగు ముందు సైకిలు ఆపి, ఇక్కడున్న రోగులందరి కోసం ఒక మాట ప్రార్థన చెయ్యమ్మా అన్నారు. సీసాలప్ప కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. నోట్లో నిప్పు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆయన చాలాసేపు చూసి, "మాటలు రానంతగా కదిలిపోయావమ్మా" అని తనే ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆదివారం ప్రసంగంలో కూడా ఆ కన్నీళ్ళ సంగతి చెప్పారట. సీసాలప్ప నాలిక వారం రోజులు వాచిపోయింది. ఆ వారమంతా మేం మూడుసార్లు అప్పజెబుతుంటే వేళ్ళతోనే లెక్కపెట్టింది.

ఆసుపత్రిలో లేని మందులు బయట కొనుక్కోమని రాసేవారు. అక్కడ జనం ఇంకో తప్పు చేసేవారు. ఒకసారి రోలుగుంట రైతు ఒకాయన దగ్గుతున్న కొడుకుని చూపించుకుని, చీటీలో మూడు మందులుంటే, చేతిలో ఉన్నదానికి ఒకటే వస్తుందని టానిక్కు కొనుక్కొచ్చాడు. అట్టపెట్టె మీద బొద్దుపిల్లాడి బొమ్మ. ఆయన దాన్ని మురిపెంగా చూపించాడు. సీసాలప్ప ఆ బొమ్మకేసి చూసింది.

"ఈడు బలిసేడు. నీ కొడుకు దగ్గుతున్నాడు. ఏటి లాభం?"

"మాత్రలు ఇంతింతే ఉన్నాయప్పా. ఇదైతే సీసాడుంది" అన్నాడాయన.

"దీన్ని తిరిగిచ్చీసి డాక్టరు కాడికి ఎల్లు. బాబూ, అన్నీ కొనలేను, ఏది లేకపోతే నా కొడుకు బతకడో అది సెప్పండి అని అడుగు."

"తిడతాడప్పా."

"తిట్టనీ. తిట్టు తగిలి సచ్చినోల్ని నానింతవరకు సూడనేదు."

ఆయన వెళ్ళాడు. డాక్టరుగారు నిజంగానే తిట్టారు, కానీ మాత్రల పక్కన ఒక టిక్కు పెట్టి ఇచ్చారు. వారం తిరగకుండా పిల్లాడి దగ్గు తగ్గింది. ఆ తర్వాత అలాంటివాళ్ళు నలుగురైదుగురు వెళ్ళి అడిగేసరికి, డాక్టరుగారు విసుగెత్తి ముందే ముఖ్యమైన మందు పక్కన టిక్కు పెట్టడం మొదలుపెట్టారు. ఆ గేటు దగ్గర సీసాలప్ప సాధించిన ఉద్యోగోన్నతి అదే.

ఇక నా పరువు సంగతి. మందు మొదలుపెట్టాక నాలుగు నెలలు పిల్లకి మూర్ఛ రాలేదు. వారం వారం బస్సెక్కి వెళ్ళడం, సీసాలో మందు తెచ్చుకోవడం, గేదె పాలు తీసేటప్పుడు పొయ్యడం. మేష్టారు చెప్పిన ఆరు నెలలకి ఇంకా రెండే నెలలు. పిల్ల పలకని రోజూ తుడుచుకుని పెట్టుకునేది. అలాంటి రోజుల్లో ఒకరోజు సీసా మూతి దగ్గర పెచ్చు ఊడింది. గాజుముక్క పిల్ల నోట్లోకి పోతుందేమోనని నాకు భయమేసింది. మా తమ్ముడు విశాఖపట్నం నుంచి తెచ్చిన సెంటునూనె సీసా ఒకటి ఖాళీగా ఉంది. పొట్టిగా, పొట్టగా, చూడ ముచ్చటగా ఉండేది. దాన్ని ఉడకబెట్టాను. వాసన చూశాను, వెలుగుకి పెట్టి చూశాను, అంతా సీసాలప్ప లాగే. మందు అందులో పోశాను. పాత సీసా మీది గీతల కాగితాన్ని తడిపి జాగ్రత్తగా ఊడదీసి, గంజి రాసి, మందు ఎంతవరకు ఉందో అక్కడి నుంచి కిందికి అంటించాను. కాగితం పొడుగెక్కువైంది. కింద మిగిలిన ముక్కని కత్తెరతో నీటుగా కత్తిరించి పారేశాను. టెంత్ ప్యాసైనదాన్ని కదా, పని అంత శుభ్రంగా చేశాను.

మర్నాటి నుంచి పిల్ల మత్తుగా ఉంది. అన్నం దగ్గర కూర్చుని తూలేది. మూడో రోజుకి నడుస్తుంటే కాళ్ళు తడబడ్డాయి, లేపితే లేవడం లేదు. మా అత్తగారు గోల పెట్టింది.

"ఆ నీల్లమందు దీన్ని తినేత్తంది. పిల్ల సచ్చిపోద్ది. పారబొయ్. రేపు బలిఘట్టం గుడికి తీసుకెల్లి తానం సేయించి దండమెట్టిద్దాం."

నా భర్త కూడా ఏమో, ఆపి చూద్దాం అన్నారు. మందు ఆపితే మూర్ఛలు వస్తాయి. మూర్ఛలొస్తే బడి లేదు. ఆపకపోతే పిల్ల ఉంటుందో లేదో తెలియదు. ఆ రోజు నాకొచ్చిన ఏడుపు ఇప్పుడు తలుచుకున్నా వస్తుంది. ఒక్కసారి డాక్టరుకి చూపించి, ఆయన ఆపమంటే ఆపేద్దాం అని పిల్లని భుజాన వేసుకుని బస్సెక్కాను. నా మీద నమ్మకం లేక మా అత్తగారు కూడా వెంట వచ్చింది.

గేటు దాటబోతుంటే సీసాలప్ప అరుగు మీద నుంచి కేకేసింది. నా మొహం చూడలేదు. నా చేతిలో సీసా చూసింది.

"ఆగు. అది నా సీసా గాదు."

పెచ్చూడిన సంగతి, కాగితం అంటించిన సంగతి చెప్పాను. గంజితో అంటించానని కూడా చెప్పాను, మెచ్చుకుంటుందేమోనని. ఆవిడ బుట్టలోంచి ఒక నిటారు సీసా తీసింది. టైలరు దగ్గర నుంచి టీ గ్లాసు తెప్పించింది. నిటారు సీసాలో నీళ్ళు పోసి, నా సీసా మీది కాగితంలో ఒక పన్ను ఎంతుందో వేలితో కొలత పెట్టుకుని, అంత దిగేదాకా గ్లాసులోకి వంచింది. గ్లాసు అడుగున కాసిని నీళ్ళు. అవి మా అత్తగారికి చూపించి పారబోసింది. తర్వాత నా పొట్టసీసా లాంటిదే ఇంకోటి ఏరి పక్కన పడేసినవాటిలోంచి తీసి, దాన్లో నీళ్ళు పోసి, అదే కొలత దిగేదాకా వంచింది. గ్లాసులో నీళ్ళు రెండింతలున్నాయి.

నాలుగు రోజులుగా నా చేత్తో నేనే పిల్లకి రెండు పూటల మందు ఒక్క పూటలో పోస్తున్నాను.

"ఓలమ్మ. మందు దోసం గాదేటి?" అంది మా అత్తగారు.

"మందు మంచిదే. పిల్ల మంచిదే. సీసా లావైంది" అంది సీసాలప్ప. తర్వాత నావైపు తిరిగి, "కాయితం ఆ సీసాకే పుట్టింది. దాన్ని ఇంకో సీసాకి కట్టకూడదు. కంపౌండరు బాబు కాడికి ఎల్లి కొత్త కాయితం అడగాల. బేగి ఎల్లు, డాక్టరుకి ఉన్నదున్నట్టు సెప్పు" అంది. నేను కదలకుండా నిలబడితే తనే నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. దాచిపెడుతుందేమో, నా తప్పు చెప్పదేమో అనుకున్నాను. గుమ్మంలోంచే చెప్పేసింది. "బాబూ, సదువుకున్నమ్మ లావు సీసాలోకి మార్చి రెండింతలు పోసింది. పిల్లని సూడండి."

డాక్టరుగారు పిల్లని పరీక్షించి, సాయంత్రం దాకా అక్కడే బల్ల మీద పడుకోబెట్టించారు. మూడు పూటలు ఆపి మళ్ళీ మామూలుగా వెయ్యండి, కంగారు లేదు అన్నారు. పొద్దు వాలే వేళకి పిల్ల లేచి ఆకలేస్తోందంది. సీసాలప్ప రొట్టె ముక్క టీలో ముంచి తినిపించింది. నాకు ఒక్క ఓదార్పు మాట కూడా చెప్పలేదు. తిరిగొచ్చే బస్సులో మా అత్తగారు, "ఇంక మందు నాను పోత్తాను. నువ్వు సదువుకున్నావు, నీకు వొద్దు" అంది. ఆ రోజు నుంచి మందు ఆవిడ చేతిలోనే. సీసా గూట్లో దేవుడి పక్కన పెట్టేది. పారబొయ్యమన్న మనిషి, ఒకసారి పెళ్ళికెళ్తూ పొరుగూరికి కూడా సీసా పట్టుకెళ్ళింది.

రెండు నెలలు నిండాయి. పిల్లని బడికి తీసుకెళ్ళాను. మేష్టారు ముందు వరసలో కూర్చోబెట్టుకున్నారు. తర్వాత మందుని మాత్రలకి మార్చారు. మాత్రలకి సీసా అక్కర్లేదు, కానీ సీసాలప్పని దాటి గేటు బయటికి రావడం కుదరదు. మాత్రలు చేతిలో పోయించుకుని లెక్కపెట్టించేది, మూడుసార్లు చెప్పించేది, అప్పుడు గానీ బస్సు దగ్గరికి పోనిచ్చేది కాదు. ఒక ఏడాది వానల్లో బస్సులు తిరక్కపోతే పది మైళ్ళు నడిచి మా ఆయనే వెళ్ళారు. ఆయన చేత కూడా మూడుసార్లు చెప్పించిందట. ఆయన జన్మలో ఎవరికీ ఏదీ అప్పజెప్పినవారు కాదు.

మూర్ఛ లేకుండా మూడేళ్ళు నిండాక డాక్టరుగారు మందు కొంచెం కొంచెంగా తగ్గించారు. ఒకరోజు పిల్లని చూసి, చీటీ మీద దాని పేరు ఒక్కటే రాసి, ఇంక మందు అక్కర్లేదు అన్నారు. నాకు కాళ్ళు నేల మీద లేవు. జీడిపప్పు మూట ఒకటి తెచ్చాను ఆ రోజు. చీటీ సీసాలప్ప చేతికిచ్చాను. ఇంగ్లీషు రానిది, ఎప్పుడూ చీటీ వంక చూడనిది, ఆ రోజు మాత్రం ముందూ వెనకా తిప్పి చూసింది. ఖాళీ కాగితం చదవడానికి ఏ భాషా అక్కర్లేదు కదా. జీడిపప్పు మూట పుచ్చుకుని బుట్టలో పడేసింది.

"ఎల్లు" అంది. "ఇంక ఈ గేటుకాడ నీ మొకం గానీ, దీని మొకం గానీ నాను సూడకూడదు."

నేనింకా ఏదో చెప్పబోతే, నా వెనకాల బిడ్డతో నిలబడ్డావిడ వైపు తిరిగి, "ఎవలికి? నీకా, పిల్లకా?" అని మొదలుపెట్టేసింది. నాకు కొంచెం మనసు నొచ్చుకుంది. నాలుగేళ్ళ పరిచయం, ఒక్క మంచిమాట అనొచ్చు కదా అనుకున్నాను.

పిల్ల ఆరో క్లాసుకొచ్చింది. నర్సీపట్నం హైస్కూల్లో వేశాం. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది. వేసిన నెలరోజులకి ఒక సాయంత్రం పుస్తకాలసంచీ విసిరికొట్టి నా దగ్గరికొచ్చింది. దానికి కోపం వస్తే మా అత్తగారి పోలికే.

"అమ్మా, బడికెళ్ళే దారిలో ఆసుపత్రి ముందు సీసాలప్ప లేదూ, ఆవిడకి నేనంటే ఎందుకంత కోపం?"

"ఏం చేసింది?"

"నా నేస్తాలందర్నీ పలకరిస్తుంది. నన్ను చూడగానే మొహం గోడకేసి తిప్పేసుకుంటుంది. రోజూ అంతే. నేను దాటి వెళ్ళిపోయాక మాత్రం సందు మలుపు తిరిగేదాకా నా వెనకే చూస్తుందట, కాంతం చెప్పింది. నేనావిడకేం చేశానే?"

చేటలో బియ్యం ఏరుతున్నదాన్ని ఆపేశాను. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తోచలేదు.

"నువ్వేం చెయ్యలేదే" అన్నాను. "రోజూ బడికి వెళ్తున్నావు, అంతే. రేపు కూడా అటువైపు నుంచే నడిచి వెళ్ళు."